గాఢ నిద్రను శాసించేది హైపోథాలమసా, కార్టెక్సా?

వైద్య విద్యార్థి:
నిద్ర మెదడు అడుగుభాగంలోని చిన్న ప్రాంతమైన హైపోథాలమస్ చేతిలో ఉందనడానికి ఆధారాలు బలంగా కనిపిస్తున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వియన్నాలో నిద్రామత్తు మెదడువాపు రోగులను పరిశీలించిన వైద్యుడు ఫాన్ ఎకానమో, హైపోథాలమస్ ముందు భాగం దెబ్బతిన్నవారికి నిద్ర కరవవుతుందనీ, వెనుక భాగం దెబ్బతిన్నవారు నిద్రలోనే మునిగిపోతారనీ గుర్తించారు. 1996లో సేపర్ బృందం ఎలుకల్లో ఆ ముందు భాగంలోనే నిద్రవేళ చురుగ్గా ఉండే కణాల గుంపును చూపింది. అవి గాబా, గలానిన్ అనే రసాయన సంకేతాలతో మెలకువ కేంద్రాలను అణచి ఉంచుతాయి. ఇక గాఢ నిద్రకు మెదడు పైపొర అయిన కార్టెక్స్‌ను కర్తగా కొందరు చెప్పడం ఎందుకు?

రాత్రి విధి:
మీరు చూపినవి నిద్ర ఎప్పుడు పడుతుంది, ఎప్పుడు చెదురుతుంది అనే ప్రశ్నకు జవాబులు. ఎంత లోతుగా పడుతుందన్నది వేరే ప్రశ్న. నేను నిద్ర పరీక్షల గదిలో పనిచేస్తాను. తెరపై మెదడు విద్యుత్ తరంగాల నమోదు 30 సెకన్లకు ఒక పుటగా వస్తుంది. అందులో కనీసం 6 సెకన్ల మేర 75 మైక్రోవోల్టులు దాటిన, నెమ్మదిగా లేచిపడే మంద తరంగాలుంటేనే దానిని గాఢ నిద్రగా లెక్కిస్తాము. రాత్రి మొదటి భాగంలో ఆ తరంగాలు పుటల నిండా కొండల వరుసలా లేస్తాయి, తెల్లవారుజాముకు దాదాపు మాయమవుతాయి. మనిషి అప్పటికీ నిద్రలోనే ఉంటాడు, తగ్గినది లోతు ఒక్కటే. ఆ తరంగం కార్టెక్స్ కణాలు మూకుమ్మడిగా మౌనం వహించి, మూకుమ్మడిగా తిరిగి పలకడం వల్ల పుడుతుంది. 1993లో స్టెరియాడే బృందం మత్తిచ్చిన పిల్లుల్లో, కార్టెక్స్‌కు సంకేతాలు చేరవేసే థాలమస్‌ను చాలావరకు దెబ్బతీసినా ఈ లయ ఆగలేదు.

శరీరధర్మ అధ్యాపకురాలు:
మత్తులోని పిల్లి, సహజంగా నిద్రించే పిల్లి ఒకటి కావు. పైగా తరంగం ఎక్కడ పుడితే నియంత్రణ కూడా అక్కడే ఉంటుందనడం తొందరపాటు. 2014లో చిట్టెలుకల్లో, మెదడును వెన్నుపాముతో కలిపే మెదడుకాండంలోని పారాఫేషియల్ ప్రాంతంలో గాబా విడుదల చేసే కణాలను ఉత్తేజపరచినప్పుడు మంద తరంగాల నిద్రే కలిగింది. ఆజ్ఞ కిందినుంచే వచ్చింది కదా?

రాత్రి విధి:
అమ్మా, పిల్లుల విషయంలో మీ అభ్యంతరం న్యాయమైనదే, కిందినుంచి ఆజ్ఞ రాగలదనీ ఒప్పుకుంటాను. కానీ 2021లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు చిట్టెలుకల కార్టెక్స్ ఐదో పొరలో కొన్ని కణాల సంకేతాలను ఆపివేసినప్పుడు అవి రోజుకు దాదాపు 3 గంటలు అదనంగా మేల్కొని ఉన్నాయి. నిద్ర చెడిన తరువాత పెరగవలసిన మంద తరంగాలు కూడా అంతగా పెరగలేదు. ఎంత నిద్ర బాకీ పడిందో లెక్క పెట్టడంలో కార్టెక్స్‌కూ పాత్ర ఉందని నాకు దీనినుంచి అర్థమవుతున్నది. మనుషుల్లోనూ ఒక ఆధారం ఉంది. 2004లో హ్యూబర్ బృందం, కర్సర్ దిశ మెల్లగా వంకరపోతుంటే దానికి చేతిని సర్దుకోవడం కొందరికి నేర్పి నిద్రపుచ్చగా, ఆ పనికి సంబంధించిన, కార్టెక్స్‌లోని కుడి పరైటల్ ప్రాంతంలోనే మంద తరంగాలు పెరిగాయి. హైపోథాలమస్ గానీ మెదడుకాండం గానీ పంపే ఆజ్ఞ కార్టెక్స్ అంతటికీ చేరేదే అయితే, ఆ చిన్న ముక్క మాత్రమే మిగతా వాటికన్నా గాఢంగా నిద్రించడాన్ని మీరు ఎలా వివరిస్తారు?