ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో దూరం నుంచి పళ్ళ వైద్యం నిజంగా కుదురుతుందా?

నీలిగోడ (ప్రశ్న)

బీడీఎస్ అయ్యాక ప్రజారోగ్యం వైపు వచ్చాను. కోర్సులో భాగంగా ఇప్పుడు ఒక నోట్ రాయాలి: ప్రభుత్వ ఖర్చుతో నడిచే జాతీయ ఆరోగ్య వ్యవస్థలోకి టెలీడెంటిస్ట్రీని, అంటే ఫోన్, ఫోటో, వీడియోలతో దూరం నుంచి చేసే పంటి వైద్యాన్ని, ఎలా తేవాలి అని.

షుగర్‌కి, బీపీకి, చర్మం మీద దద్దురుకి కూడా వీడియోలో డాక్టర్‌ని చూడటం మామూలైపోయింది. పంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరిని కదిపినా ఒకటే మాట, "నోట్లో చెయ్యి పెట్టకుండా పంటి వైద్యం ఏముంటుంది" అని. అందులో నిజం లేకపోలేదు, ఫోన్లో డ్రిల్లింగ్ చెయ్యలేం కదా. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చూస్తే నోటి జబ్బులున్నవాళ్ళు దాదాపు 350 కోట్ల మంది, వాళ్ళలో ఎంతోమందికి డెంటల్ కుర్చీ దాకా వెళ్ళే దారే లేదు. ఆ సంస్థే ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూతో కలిసి 2021లో మొబైల్ ఫోన్లతో నోటి ఆరోగ్యం గురించి ఒక గైడ్ కూడా తెచ్చింది. కాగితం మీద అందరూ ఒప్పుకున్నట్టే ఉంది, మరి పనిలోకి దిగితే ఏమవుతుంది?

నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటంటే, దూరం నుంచి నిజంగా ఏం చెయ్యొచ్చు, ఏం చెయ్యకూడదు? డబ్బు తక్కువ ఉంటే ముందు దేనిమీద పెట్టాలి? మా గ్రూపులో అందరూ "ముందు ఒక వీడియో యాప్" అంటున్నారు, నాకెందుకో మనసు ఒప్పుకోవడం లేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి.

ఓపీ_గది

ప్రభుత్వ ఆస్పత్రిలో డెంటిస్ట్‌ని అండి. ఫోన్లో చూడటానికి బాగా పనికొచ్చేది ఒక్కటే, ఎవరు ఈరోజే రావాలి, ఎవరు వారం ఆగొచ్చు, ఎవరికి ఇంట్లో జాగ్రత్తలు చాలు అన్నది తేల్చడం. ఇది చిన్న పని అనుకోకండి. ఓపీ బయట పొద్దున్నుంచి కూర్చున్నవాళ్ళలో కొందరికి ఆ రోజు అక్కడ అవసరమే ఉండదు, అత్యవసరమైన మనిషి మాత్రం ఇంట్లోనే బిళ్ళలు మింగుతూ ఉంటారు.

ఫోన్ ఎత్తగానే అడగాల్సినవి: వాపు ఉందా, అది కంటి వైపు గానీ మెడ వైపు గానీ పాకుతోందా, జ్వరం ఉందా, నోరు ఎంత తెరుచుకుంటోంది, మింగడం కష్టంగా ఉందా, నాలుక కింద గట్టిపడిందా. వీటిలో మింగడం గానీ ఊపిరి గానీ ఇబ్బందిగా ఉందంటే ఫోటో పంపమని అడగకూడదు, నేరుగా ఎమర్జెన్సీకి పంపెయ్యాలి. చీము దవడ కింద నుంచి గొంతు వైపు దిగితే ప్రాణం మీదికొస్తుంది. దెబ్బ తగిలి శాశ్వత దంతం ఊడితే ఫోన్లో చెప్పే రెండు మాటలు ఆ పంటిని కాపాడగలవు: వేరు ముట్టుకోకుండా పట్టుకుని వెంటనే ఆ గూట్లోనే పెట్టమనాలి, కుదరకపోతే పాలల్లో వేసుకుని పరిగెత్తమనాలి. పాలపన్ను అయితే తిరిగి పెట్టకూడదు. నోట్లో పుండు మూడు వారాలు దాటినా మానకపోతే కచ్చితంగా మనిషి కళ్ళతో చూడాల్సిందే.

ఇప్పుడు అసలు భయం. ఇంగ్లండ్‌లో కోవిడ్ వల్ల 2020 మార్చి 25న మామూలు పంటి వైద్యం ఆపేశారు, జూన్ 8 దాకా చాలామందికి దొరికింది ఫోన్లో సలహా, నొప్పి మాత్రలు, అవసరమైతే యాంటీబయాటిక్. ఆ ఏప్రిల్ నుంచి జులై వరకు డెంటిస్టులు రాసిన యాంటీబయాటిక్స్ అంతకు ముందు ఏడాది అవే నెలలకంటే దాదాపు పాతిక శాతం పెరిగాయి. కారణం తెలిసిందే, పంటిని తెరిచే వీలు లేకపోతే చేతికి అందేది ప్రిస్క్రిప్షన్ ఒక్కటే. పంటిలోపలి నరం వాచి రాత్రంతా పీకే నొప్పికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు, అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019 మార్గదర్శకాల్లో కూడా దీనికి వద్దనే చెప్పారు. కాబట్టి ఫోన్ సర్వీసు పెట్టే ముందు, ఆ ఫోన్ ఎత్తే డెంటిస్ట్‌కి "రేపు పొద్దున ఫలానా చోటికి వెళ్ళండి, మీ పేరు రాసి ఉంటుంది" అని చెప్పగలిగే అధికారం ఇవ్వండి. అది లేకపోతే ఆ సర్వీసు మాత్రలు రాసే యంత్రం అయిపోతుంది. మీ నోట్‌లో ఇది మొదటి పేజీలోనే పెట్టండి, దయచేసి.

పల్లకి

ఓపీ_గది గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను స్కూళ్ళలో, వృద్ధాశ్రమాల్లో నోటి పరీక్షల ప్రోగ్రాముల్లో పనిచేశాను కాబట్టి మీ రెండో ప్రశ్న గురించి చెప్తాను.

లైవ్ వీడియో అన్నిటికంటే బలహీనమైన పద్ధతి. నోరు చీకటి గుహలాంటిది, ఫోన్ ఒక చేత్తో, పెదవి ఒక చేత్తో పట్టుకుంటే లైట్ ఎవరు పడతారు? వెనక దవడ పళ్ళు కనపడవు, ఉమ్మి మెరుస్తుంది, నెట్ కాస్త తగ్గితే బొమ్మ మొత్తం మసక. డాక్టర్, రోగి ఇద్దరూ ఒకే సమయానికి ఖాళీగా ఉండాలన్న తలనొప్పి వేరే. దానికంటే, శిక్షణ ఉన్న మనిషి రోగి దగ్గరికి వెళ్ళి, చెంప పక్కకు లాగి, పన్ను తుడిచి ఆరబెట్టి, మంచి లైట్‌లో ఫోటోలు, కుదిరితే ఎక్స్‌రే తీసి పంపితే, డెంటిస్ట్ తన వీలు చూసుకుని నింపాదిగా చూస్తారు. ఆ రికార్డు మిగిలి ఉంటుంది, ఆరు నెలల తర్వాత పక్కన పెట్టి పోల్చుకోవచ్చు కూడా.

దీనికి నాకు బాగా నచ్చిన నమూనా కాలిఫోర్నియాలో యూనివర్సిటీ ఆఫ్ ద పసిఫిక్ వాళ్ళు 2010లో మొదలుపెట్టిన వర్చువల్ డెంటల్ హోమ్. డెంటల్ హైజీనిస్టులు (పళ్ళు శుభ్రం చెయ్యడం, జబ్బు రాకుండా చూడటం నేర్చినవాళ్ళు, డెంటిస్టులు కారు) పోర్టబుల్ ఎక్స్‌రే, కెమెరా పట్టుకుని పిల్లల బడులకి, వృద్ధుల కేర్ సెంటర్లకి, వికలాంగులు ఉండేచోట్లకి వెళ్తారు, రికార్డు అంతా పంపుతారు, డెంటిస్ట్ ఎక్కడో కూర్చుని చూసి ఏం చెయ్యాలో రాస్తారు. ముఖ్యమైన సంగతి ఆ తర్వాత వస్తుంది. హైజీనిస్ట్ ఫోటో తీసి వెళ్ళిపోరు. క్లీనింగ్, పుచ్చు రాకుండా పంటికి పూసే ఫ్లోరైడ్ వార్నిష్, పంటి గుంతల్ని మూసే సీలెంట్లు, డ్రిల్ అక్కర్లేని తాత్కాలిక ఫిల్లింగ్ అక్కడే చేస్తారు. ఇవి సరిపోనివాళ్ళు మాత్రమే కుర్చీ దాకా వెళ్తారు.

నాకు అర్థమైనంతలో దూరవైద్యం పనిచేసిన చోటల్లా రోగి పక్కన పని తెలిసిన రెండు చేతులు ఉన్నాయి. అలాస్కాలో డెంటల్ థెరపిస్టులు (డెంటిస్ట్ కాకపోయినా కొన్ని పంటి చికిత్సలు చెయ్యడానికి శిక్షణ ఉన్నవాళ్ళు) కూడా అంతే, మొదటి బ్యాచ్ న్యూజిలాండ్ వెళ్ళి శిక్షణ పొంది వచ్చారు, విమానమో పడవో తప్ప దారి లేని ఊళ్ళలో ఉండి పనిచేస్తారు, వాళ్ళకి పైనున్న డెంటిస్ట్ దూరం నుంచే పర్యవేక్షిస్తారు. చేతులు లేని చోట యాప్ పెడితే జబ్బు ఉందని చెప్పడం వరకే. ఉందని తెలిసి ఏమీ చెయ్యలేకపోతే ఆ కుటుంబానికి టెన్షన్ మిగులుతుంది, అంతే.

ఫోటో హద్దులు కూడా రాయండి. రెండు పళ్ళ మధ్య మొదలైన పుచ్చు ఫోటోలో కనపడదు, ఎక్స్‌రే కావాలి. చిగురు ఎంత లోతుకు వదిలిందో ప్రోబ్ పెట్టి కొలవాల్సిందే. ఫోటో బాగుంది కాబట్టి "అంతా బాగుంది" అని రిపోర్టు ఇవ్వడం అన్యాయం, "ఫోటోలో కనిపించినంతలో" అని రాయాలి. పైకి కనపడే పెద్ద పుచ్చులు, విరిగిన పళ్ళు, తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు, పుళ్ళు మాత్రం ఫోటోలో బాగానే దొరుకుతాయి.

ఒక్క మందు సంగతి చెప్పి ఆపుతాను. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్‌ని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. పుచ్చు మీద రాస్తే చాలావరకు అది ముదరకుండా ఆగుతుంది, ఇంజెక్షన్ లేదు, డ్రిల్ లేదు. పుచ్చు నల్లబడుతుంది, అది తల్లిదండ్రులకి ముందే చూపించి ఒప్పుకున్నాకే రాయాలి. ఫోటో పరీక్షకి ఇది సరిగ్గా జత కుదురుతుంది, ఎందుకంటే డెంటిస్ట్ దూరం నుంచి "ఈ పంటికి రాయండి, ఆ పంటికి వద్దు" అని చెప్తే శిక్షణ ఉన్న వర్కర్ రాయగలరు. మీ దేశం చట్టం ఒప్పుకుంటుందా అన్నది ముందు చూసుకోండి.

జమాఖర్చు

వైద్యం మీరందరూ చెప్పారు, నేను హెల్త్ ఫైనాన్స్ వైపు మనిషిని. ఏ దేశంలోనైనా ఇది ముందుకెళ్తుందా లేదా అన్నది డెంటిస్ట్‌కి డబ్బు దేనికి ఇస్తున్నారు అన్నదాన్ని బట్టే ఉంటుంది.

ఇంగ్లండ్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో 2006 నుంచి యూడీఏ అనే యూనిట్ల లెక్క నడుస్తోంది, చికిత్సల్ని బ్యాండ్లుగా విడగొట్టి ఒక్కోదానికి ఇన్ని యూనిట్లు అని డెంటిస్ట్‌కి చెల్లిస్తారు. చెకప్ బ్యాండ్‌కి 1 యూనిట్, కట్టుడు పళ్ళు, క్రౌన్‌ల బ్యాండ్‌కి 12. ఇలా చేసిన చికిత్సని బట్టి చెల్లించే పద్ధతిలో, రోగి రాకుండానే ఫోన్లో సమస్య తీర్చిన డెంటిస్ట్‌కి వచ్చేది ఏముంది? అరగంట ఫోటోలు చూసి రిపోర్టు రాసినందుకు ఏ గడిలో నింపాలి? గడి లేకపోతే ఆ పని నాలుగు నెలల పైలట్‌గా నడిచి ఆగిపోతుంది, ఎవరి చెడ్డతనమూ అక్కర్లేదు.

అమెరికాలో 2018 నుంచి దీనికి విడిగా బిల్లు కోడ్‌లు ఉన్నాయి, లైవ్‌కి డీ9995, ఫోటోలు పంపి తర్వాత చూసే పద్ధతికి డీ9996. పల్లకి గారు చెప్పిన కాలిఫోర్నియా నమూనాకి కూడా 2014లో చట్టం వచ్చాకే ప్రభుత్వ బీమా నుంచి చెల్లింపు దారి సరిగ్గా పడింది. అదే చట్టం హైజీనిస్టులు తాత్కాలిక ఫిల్లింగ్ చెయ్యడానికి కూడా వీలిచ్చింది. అంటే చెల్లింపు, అధికారం రెండూ ఒకేసారి మారాయి. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే కదలదు.

ఇంకో మాట. ఇది పూర్తిగా ప్రైవేట్ కంపెనీలకి వదిలేస్తే ఏమవుతుందో చూశాం. పళ్ళ వరస సరిచేసే ప్లాస్టిక్ తొడుగులు (అలైనర్లు) ఇంటికే పంపే అమెరికా కంపెనీ స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబర్‌లో మూతపడినప్పుడు చికిత్స మధ్యలో ఉన్నవాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక అల్లాడారు. ఎదుట లేని డాక్టర్ చేతిలో నోరు పెట్టినప్పుడు, తేడా వస్తే బాధ్యత ఎవరిది, చూసేది ఎవరు అన్నది సంతకం పెట్టకముందే కాగితం మీద ఉండాలి.

అమ్మతో_ఇంట్లో

డాక్టర్‌ని కాను. మా అమ్మకి మతిమరుపు జబ్బు, మంచం దిగలేదు. పన్ను నొప్పి అని చెప్పలేదు కూడా, అన్నం తినడం మానేస్తుంది, చెంప మీద చెయ్యి వేస్తే తోసేస్తుంది, దాన్నిబట్టి మేమే అర్థం చేసుకోవాలి. తీసుకెళ్ళాలంటే ఇద్దరు మనుషులు, వ్యాన్, తిరిగొచ్చాక రెండ్రోజులు ఆవిడ నిద్రపోదు.

ఒక ఆన్‌లైన్ సర్వీసుకి ఫోటోలు పంపాము. "అందాయి" అని మెసేజ్ వచ్చింది, ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఆ ఎదురుచూపు, అసలు సర్వీసే లేకపోవడం కంటే ఘోరం. మీరు వ్యవస్థ కట్టేవాళ్ళు కాబట్టి అడుగుతున్నాను, ఫోటో అందిన ఎన్ని గంటల్లో మనిషి జవాబు ఇవ్వాలి అన్నది నియమంగా రాయండి. ఇంట్లో చూసుకునేవాళ్ళకి నోరు ఎలా తెరిపించాలి, ఎలా శుభ్రం చెయ్యాలి అన్నది వీడియోలో పక్కనుండి నేర్పించినా మాకు ఎంతో మేలు. లైవ్ వీడియో పనికిరాదు అన్నారు పైన, జబ్బు కనిపెట్టడానికి కాకపోవచ్చు, మాకు నేర్పడానికి మాత్రం పనికొస్తుంది.

పల్లకి

అమ్మతో_ఇంట్లో గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరి. నేను వీడియోని పరీక్ష కోణంలోనే చూశాను. నేర్పించడానికి, ఆపరేషన్ తర్వాత ఎలా ఉందో కనుక్కోవడానికి, భయపడే పిల్లలకి ముందే డాక్టర్‌ని పరిచయం చెయ్యడానికి అది మంచిదే. ఇప్పుడు అమ్మ తినడం మళ్ళీ తగ్గితే, చెంప వాచినా, జ్వరం వచ్చినా ఫోటోల కోసం ఆగకండి, ఇంటికి వచ్చి చూసే వైద్యులు ఉన్నారేమో మీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో అడగండి.

నీలిగోడ

అందరికీ ధన్యవాదాలు. యాప్‌ని నోట్‌లో చివరికి నెట్టేశాను. ముందు రోగి దగ్గరికి వెళ్ళే హైజీనిస్టులు, వాళ్ళు అక్కడికక్కడ చెయ్యగలిగే పనుల జాబితా, ఫోన్ ఎత్తే డెంటిస్ట్ చేతిలో అపాయింట్‌మెంట్ స్లాట్లు, ఫోటోకి జవాబు గడువు, ఆ జవాబుకి చెల్లింపు. ఒక్కటి అడగాలి: మొదట ఎవరితో మొదలుపెట్టాలి, బడి పిల్లలతోనా, వృద్ధులతోనా?

ఓపీ_గది

చాలామంది పిల్లలు అంటారు, లెక్కలు బాగా కనపడతాయి కాబట్టి. నేనైతే కేర్ హోముల్లో ఉన్న వృద్ధులతో మొదలుపెడతాను. పిల్లల్ని ఎలాగోలా ఎత్తుకునైనా తీసుకొస్తారు, ఈ వృద్ధుల్ని తీసుకొచ్చేవాళ్ళు లేరు. రోగులు ఒకేచోట ఉంటారు, నర్సులు అక్కడే ఉంటారు, ఫోటో తీసిన మనిషే మర్నాడు మళ్ళీ చూడగలదు. మీ నోట్ పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, ఫోన్ ప్రశ్నల భాగం నేను చదివి సరిచేస్తాను.