గ్రీన్‌లాండ్ తెడ్డుకు కొలత ఎలా తీసుకోవాలి?

వంశధార ఒడ్డు:
కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే మొగలో రెండేళ్లుగా కయాక్ (రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడిపే చిన్న పడవ) నడుపుతున్నాను. నా తెడ్డు 230 సెంటీమీటర్లు, వెడల్పు రెక్కలు. గంట దాటితే కుడి మణికట్టు లాగేస్తోంది. సన్నటి రెక్కల గ్రీన్‌లాండ్ తెడ్డు కర్రతో చేయించుకుందామని ఉంది. ఎంత పొడవు చెప్పాలి? నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు.

తాటిపూడి గట్టు:
ఎత్తుతో పని లేదండీ. బారెడు మీద మూరెడు, అదే గ్రీన్‌లాండ్ లెక్క. మన తాతలు బట్ట కొలిచినట్టే! రెక్క వెడల్పు మీ బొటనవేలూ మిగతా వేళ్లూ రెండంచులనూ పట్టుకోగలిగినంత. 8, 9 సెంటీమీటర్లు వస్తుంది.

వంశధార ఒడ్డు:
బార 168, మూర 45. అంటే 213. సన్నటి రెక్కకు ఇంకా పొడవు కావాలనుకున్నానే!

భావనపాడు తెప్ప:
ఆ లెక్క సగమే తమ్ముడూ. గ్రీన్‌లాండ్ కయాక్ అర మీటరు వెడల్పుంటుంది. మీది పైన కూర్చునే ప్లాస్టిక్ పడవైతే ముప్పావు మీటరు. అప్పుడు పొడవు కాస్త పెంచాలి. ఇంకో మాట: లాగేటప్పుడు పై చెయ్యి ఎక్కడుంటుంది? రొమ్ము కిందే ఉంచి నిదానంగా లాగేవాళ్లకు ఈ లెక్క కుదురుతుంది. భుజం దాటి లేపేవాళ్లకు పొట్టిది మేలు.
మా నాన్న నా తెడ్డు చూసి "ఈ బద్దతో ఏం లాగుతావురా" అన్నారు. ఎదురుగాలిలో ఆయన చేతికే ఇచ్చాను. పైకి లేచిన రెక్కను గాలి తోయడం లేదని పది లాగులకే పట్టేశారు. ఆ రోజు తిరిగి ఇవ్వలేదు.

చంపావతి:
కర్ర సంగతి నేను చెబుతాను, నష్టపోయినదాన్ని కాబట్టి. మొదటిది టేకుతో చేయించాను. వడ్రంగి మురిసిపోతూ చిత్రిక పట్టాడు, నాకేమో పావుగంటకే భుజాలు పడిపోయాయి. రెండోది దేవదారు. అడితిలో పలకలన్నీ తిరగేసి, ముడులు లేకుండా గీతలు ఈ కొన నుంచి ఆ కొనకు తిన్నగా పోయేది ఏరుకోండి. గ్రీన్‌లాండ్‌లో చెట్లే కరువు, అలలు కొట్టుకొచ్చిన కర్రతోనే చేసుకునేవారు. వార్నిష్ వద్దు, తడి చేతికి జారుతుంది. అవిసె నూనె పట్టించండి.

వంశధార ఒడ్డు:
నాది పైన కూర్చునే పడవే. నిన్న స్నేహితుడి సన్న తెడ్డు వేసి చూశాను, లాగగానే రెక్క నీళ్లలో గిలగిలా కొట్టుకుంది. వెడల్పు చాలలేదా?

భావనపాడు తెప్ప:
వెడల్పు కాదు, వాలు. రెక్క పై అంచును కాస్త ముందుకు వంచి పట్టుకోండి. కత్తిలా కోసుకుంటూ దిగుతుంది, అదురు ఆగుతుంది. పాత తెడ్డులా ముంచగానే గుంజకండి.

వంశధార ఒడ్డు:
అదురు పోయింది! ఫోనులో తీయించి చూస్తే నా పై చెయ్యి గడ్డం దాకా లేస్తోంది. ఇప్పుడు పెంచాలా, తగ్గించాలా?

భావనపాడు తెప్ప:
పడవేమో పెంచమంటుంది, చెయ్యేమో తగ్గించమంటుంది. 213 దగ్గరే ఆగండి. డబ్బు పెట్టే ముందు ఆదివారం పొద్దున్నే మొగ దగ్గరకు రండి, నా దగ్గర 205, 218 రెండూ ఉన్నాయి. 218 మాత్రం నాన్న ఇస్తేనే.