క్లారినెట్ ప్రొఫెసర్ కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది మిర్యాలగూడ. మా తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. పెళ్లి బ్యాండులో వాయించే మా మేనమామ దగ్గరే క్లారినెట్ నేర్చుకున్నాడు. కచేరీలు చేస్తూ ఏదైనా యూనివర్సిటీలో క్లారినెట్ ప్రొఫెసర్ కావాలని వాడి పట్టుదల. ఇంట్లో అందరూ ఇంజినీరింగే అంటున్నారు. నేను మాత్రం వాడి వైపే.

అమెరికాలో ఈ ఉద్యోగానికి బ్యాచిలర్స్, మాస్టర్స్, ఆపైన చాలామంది డాక్టర్ ఆఫ్ మ్యూజికల్ ఆర్ట్స్ (సంగీతంలో డాక్టరేట్) చేస్తారు. చేరడానికి ఆడిషన్ ఉంటుంది. మొజార్ట్ 1791లో రాసిన క్లారినెట్ కన్‌సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన) అందులో తరచూ వాయించాల్సి వస్తుంది. మావాడు ఏ పాటైనా వినగానే పట్టేస్తాడు, కానీ స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) చదవడం రాదు. నా టెన్షన్ అంతా ఇదే. పైగా మామది పాత ఆల్బర్ట్ పద్ధతి వాయిద్యం. అమెరికాలో వాడేది బోమ్ పద్ధతి, వేళ్లు పెట్టే తీరే వేరు. ఇప్పుడే మార్పించాలా, నొటేషన్ వచ్చాకనా?

హైదరాబాద్‌లో బోమ్ క్లారినెట్ నేర్పే గురువులు ఎవరైనా తెలుసా? లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీత గ్రేడ్ పరీక్షలు ఆడిషన్‌కు పనికొస్తాయా? ఎ.కె.సి. నటరాజన్ గారు క్లారినెట్ మీద కర్ణాటక సంగీతం వాయించి 2008లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆ దారిలో వెళ్తే మన దగ్గర బోధన ఉద్యోగాలు దొరుకుతాయా?

ఫీజులు, స్కాలర్‌షిప్‌ల గురించి అనుభవం ఉన్నవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మాది చిన్న కిరాణా కొట్టు.