లోకల్ పేపర్ మూతపడిన చోట కౌన్సిల్ సమావేశాల వార్తలు ఎవరు రాస్తున్నారు?

అమెరికాలో సిన్సినాటి పోస్ట్ 2007 డిసెంబర్ 31న ఆగిపోయాక, ఆ పేపర్ ఎక్కువగా చదివే శివారు పట్టణాల్లో ఎన్నికల్లో నిలబడేవాళ్లు తగ్గారని, పదవిలో ఉన్నవాళ్లే మళ్లీ గెలవడం పెరిగిందని ఒక అధ్యయనంలో చదివాను. అప్పట్నుంచి ఇదే సందేహం.

నీళ్లు రావన్న కబురు, చావు కబురు వాట్సాప్‌లో పేపర్‌కన్నా ముందే తెలుస్తున్నాయి, కాదనను. కానీ బడ్జెట్ సమావేశం అయ్యేదాకా కూర్చుని, టెండర్ ఎవరికి ఎంతకు పోయిందో కాగితాలు తిరగేసి రాసేదెవరు? తప్పు రాస్తే మర్నాడు సవరణ వేసేదెవరు? (గ్రూపులో అయితే మెసేజ్ డిలీట్ చేసి ఊరుకుంటారు.)

మీ దగ్గర స్థానిక దినపత్రిక ఆగిపోయి ఉంటే, ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? రిటైరైన విలేకరులా, చందాలతో నడిచే వెబ్‌సైటా? జీతాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? ముఖ్యంగా, ప్రకటనలిచ్చే నాయకుడి మీద వార్త వేయగలుగుతున్నారా?