ఎలుక మోకాలి నొప్పికి మందు ఏ రోజు నుంచి మొదలుపెట్టాలి? (ఎం.ఫార్మ్ ప్రాజెక్టు)

మహేంద్రతనయ:
అందరికీ నమస్తే. మాది పర్లాకిమిడి. బరంపురంలో ఎం.ఫార్మ్ చేస్తున్నాను, ఫార్మకాలజీ. ప్రాజెక్టుకి వావిలాకు సారం ఎంచుకున్నాను. మా వైపు మోకాళ్లు పట్టేస్తే వావిలాకు వేడిచేసి కాపడం పెట్టడం మామూలే, అందుకే గైడ్ సార్ కూడా వెంటనే సరే అన్నారు.

ప్లాన్ ఇదీ. విస్టార్ అనే ల్యాబు రకం మగ ఎలుకలు. కుడి మోకాలి కీలులోకి మోనోసోడియం అయోడోఅసిటేట్ (కీలు అరిగేలా చేసే రసాయనం) 2 మిల్లీగ్రాములు ఇంజెక్షన్, ఒక్కసారే. మర్నాటి నుంచి 14 రోజులు సారం తాగించాలి. పోల్చడానికి ఒక గుంపుకి డైక్లోఫెనాక్ అనే మామూలు నొప్పి మందు. కాలిపర్‌తో మోకాలి వాపు, వాన్ ఫ్రే తీగలతో (ఎంత గుచ్చితే పాదం లాక్కుంటుందో చూసే సన్నని తీగలు) పాదం నొప్పి చూస్తాం. మా సీనియర్ల థీసిస్‌లన్నీ ఇదే పద్ధతి, అన్నింట్లోనూ రిజల్ట్ బాగానే వచ్చింది.

మొన్న సెమినార్‌కి బయటి నుంచి వచ్చిన ఒక మేడమ్ "నువ్వు తగ్గించేది అరుగుదల నొప్పినా, ఇంజెక్షన్ వాపునా?" అని అడిగారు. సార్‌ని అడిగితే "అందరూ ఇలాగే చేస్తారు, కానీయ్" అన్నారు. ఎథిక్స్ కమిటీకి ఫారం ఇంకా ఇవ్వలేదు, మార్చుకునే వీలుంది. మందు ఎప్పుడు మొదలుపెట్టాలి? అసలు ఈ మోడల్ సరైనదేనా, ఆపరేషన్ మోడల్‌కి వెళ్లాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

గుణుపూర్ ప్యాసింజర్:
టెన్షన్ పడకమ్మా. ఆ మేడమ్ అడిగింది నూటికి నూరుపాళ్లు అడగాల్సిన ప్రశ్నే. నేను హైదరాబాదులో మందుల పరీక్షల ల్యాబులో ఎలుకలతోనే ఉద్యోగమంతా చేసి, రిటైరై గుణుపూర్ వచ్చేశాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదువు.

అయోడోఅసిటేట్ చేసే పని కార్టిలేజ్ (కీలులో ఎముకల చివర ఉండే మెత్తని పొర) కణాల్లో గ్లైకాలిసిస్‌ని, అంటే చక్కెరని విరిచి శక్తి తీసుకోవడాన్ని, ఆపడం. కార్టిలేజ్‌కి రక్తనాళాలు లేవు, ఆ కణాల బతుకు చాలావరకు గ్లైకాలిసిస్ మీదే. అది ఆగితే చచ్చిపోతాయి. మనుషుల్లో ఏళ్ల తరబడి జరిగే అరుగుదల ఎలుకలో మూడు నాలుగు వారాల్లో కనిపించేస్తుంది. అయితే మొదటి వారం నువ్వు చూసేది ప్రధానంగా కీలు లోపలి పొర వాపు. ఆ వారంలో డైక్లోఫెనాక్ ఇస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వాపు తగ్గించే గుణం ఉంటే మీ వావిలాకూ పనిచేస్తుంది. రెండు వారాలు గడిచేసరికి వాపు సర్దుకుంటుంది, కార్టిలేజ్ దెబ్బతిని కింది ఎముక మీదికి వస్తుంది, నొప్పి మాత్రం వదలదు. వెన్నుపూస పక్కనుండే నరాల ముడుల్లో ఏటీఎఫ్3 అనే ప్రోటీన్ కనిపిస్తుంది, అది నరం దెబ్బతిన్నదనడానికి గుర్తు. ఆ దశలో గాబాపెంటిన్ లాంటి నరాల మందులు పనిచేసినట్టు చూపించారు. మామూలు నొప్పి మాత్రలు మాత్రం మొదటి వారంలో చేసినంత చేయవు.

కాబట్టి 14వ రోజు దాకా మందు ముట్టుకోకు. ఆ రోజు అన్నింటినీ కొలిచి, నొప్పి సమానంగా ఉండేలా గుంపులు చెయ్యి. అక్కడి నుంచి 28 దాకా మందు. మర్నాటి నుంచే ఇస్తే నువ్వు పరీక్షిస్తున్నది నివారణని. మోకాలు నొప్పి పుట్టకముందే మాత్ర వేసుకునే మనిషిని నేనైతే ఇంతవరకు చూడలేదు. డోసు కూడా 1 మిల్లీగ్రాముకి తగ్గించమంటాను. నొప్పి దానికీ వస్తుంది, ఎక్కువ పోస్తే ఎముకే కూలి ఇంకేదో జబ్బయి కూర్చుంటుంది.

ఇక కొలత. వాన్ ఫ్రే తీగ గుచ్చేది పాదానికి, దెబ్బ ఉన్నది మోకాల్లో. సున్నితత్వం కిందికి పాకిందని అది చెప్తుంది, కాలు మోపితే ఎలా ఉందో చెప్పదు. దానికి రెండు కాళ్ల బరువు విడివిడిగా తూచే మిషను కావాలి. మీ దగ్గర లేకపోతే పక్క కాలేజీని అడుగు, సిగ్గుపడకు. వాలుగా ఉన్న పారదర్శకమైన పెట్టెలో ఎలుక ముందుకాళ్లు పైకి ఆన్చుకుని నిలబడుతుంది, వెనక పాదాలు చెరో పలక మీద ఉంటాయి. బాగున్న ఎలుక బరువు సగం సగం పంచుతుంది. కుడి మోకాలు నొప్పైతే ఎడమకి నెట్టేస్తుంది. అది మీసాలు సవరించుకుంటున్నప్పుడు, గోడకి ఒరిగినప్పుడు, తోక పలక మీద పడినప్పుడు వచ్చిన రీడింగులు పారేయాలి. ఇంజెక్షన్‌కి ముందే కొన్ని రోజులు ఊరికే ఆ పెట్టెలో ఉంచి అలవాటు చెయ్యి, లేదంటే నువ్వు తూచేది దాని భయాన్ని.

కొలిచే మనిషికి ఏ ఎలుకకి ఏమిచ్చారో తెలియకూడదు. సీనియర్ల థీసిస్‌లన్నీ సక్సెస్ అన్నావే, నాకు మొదటి అనుమానం అక్కడే.

ఆపరేషన్ మోడల్ గురించి: చిట్టెలుక మోకాల్లో లోపలివైపు మెనిస్కస్‌ని (రెండు ఎముకల మధ్య ఉండే మెత్తని దిండు లాంటిది) పట్టి ఉంచే లిగమెంట్ కోస్తారు. మనుషుల జబ్బుకి అదే దగ్గర, కాదనను. కానీ నొప్పి బయటపడడానికి వారాలు వారాలు పడుతుంది, చెయ్యి తిరిగిన మనిషి కావాలి. నీ గడువులో కాదు.

ఎలుకలో పనిచేసిందని పొంగిపోవద్దు కూడా. ఎఫ్ఏఏహెచ్ అనే ఎంజైమ్‌ని ఆపే ఫైజర్ మందొకటి ఎలుకల్లో నొప్పి తగ్గించింది. మోకాలి అరుగుదల ఉన్న రోగులకిచ్చి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఎంజైమ్ చక్కగా ఆగింది, నొప్పి తగ్గలేదు. అదే పరీక్షలో పాత నొప్పి మాత్ర నాప్రాక్సెన్ పనిచేసింది.

సిరోంచ పశువైద్యం:
మాస్టారూ, బాగా చెప్పారు. నాదొక ముక్క. కుక్కకి ఎవరూ ఏ ఇంజెక్షనూ చేయకుండానే కీళ్లు అరుగుతాయి. వయసు మీరిన లేబ్రడార్లని చూస్తే తెలుస్తుంది. అందుకే ఎలుక తర్వాత మనిషికి ముందు కుక్కని చూడమంటాను. చిక్కల్లా యజమానులతోనే. ఉత్త సెలైన్ ఇచ్చినా "డాక్టర్ సాబ్, మావాడు ఇవాళ మెట్లెక్కాడు" అంటారు. అడుగు బరువు తూచే పలక మీద నడిపిస్తే అదే కుంటి నడక.

నరాల ఎదుగుదల ప్రోటీన్‌ని, అంటే ఎన్‌జీఎఫ్‌ని, అడ్డుకునే టానెజుమాబ్ అనే మందు సంగతి కూడా ఈ పాప చదవాలి. నొప్పి నిజంగానే తగ్గించింది, కానీ కొందరికి కీళ్లు మరీ వేగంగా పాడయ్యాయి. 2010లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షలు ఆపించింది. తర్వాత మళ్లీ మొదలైనా, 2021 మార్చిలో ఎఫ్‌డీఏ సలహా కమిటీ 19-1 ఓట్లతో వద్దంది. అదే పద్ధతిలో పనిచేసే బెడిన్వెట్‌మాబ్‌కి మాత్రం కుక్కల కోసం 2023లో అమెరికాలో అనుమతి వచ్చింది. నొప్పి స్కోరు ఒక్కటే చూసి కీలుని కోసి చూడకపోతే ఇలాంటివి దొరకవు. చివర్లో హిస్టాలజీ, అంటే కీలుని పలచగా కోసి మైక్రోస్కోపులో చూడడం, మానొద్దు.

డైక్లోఫెనాక్ పేరు వింటే నాకు మా రాబందులు గుర్తొస్తాయి. పశువులకిచ్చిన మందు కళేబరం తిన్న పక్షి కిడ్నీలని పాడుచేస్తుందని ఎవరనుకున్నారు? 2006లో పశువులకి ఆపేశారు, ఇప్పుడు మేం వాడేది మెలాక్సికామ్.

రాజురా కుర్రాడు:
మా అమ్మకీ మోకాళ్లే. అయినా అడుగుతున్నా, ఈ రోజుల్లో కూడా నోరులేని జీవాలని కుంటివి చేయాలా? కంప్యూటర్‌లో కుదరదా?

గుణుపూర్ ప్యాసింజర్:
అడగాల్సిందే తమ్ముడూ. కణాల మీద, చిప్ మీద (చిన్న పలక మీద కణాలు పెంచి) చేసే పద్ధతులని మన దేశంలో 2023లో నిబంధనల్లో చేర్చారు. వాపు, కార్టిలేజ్ నష్టం వరకూ వాటితో చాలా చూడొచ్చు. నొప్పి తెలియాలంటే మోకాలి నుంచి మెదడు దాకా నరాలన్నీ ఉండాలి, అది చిప్ మీద ఇంకా లేదు. ఎన్ని ఎలుకలు కావాలో సరిగా లెక్క కట్టకుండా, కొలిచేవాళ్లకి అన్నీ తెలిసిపోయేలా చేసి పనికిరాని ఫలితం తెచ్చుకుంటే ఆ ఎలుకలు ఊరికే బాధపడినట్టు. నాకు అసలు కోపం దాని మీద.

మహేంద్రతనయ:
సార్‌కి ఇవన్నీ చూపించాను. 14వ రోజుకి ఒప్పుకున్నారు కానీ "మర్నాటి నుంచి ఇచ్చే గుంపు కూడా ఒకటి ఉంచు" అంటున్నారు. ఎలుకలు పెరిగిపోతాయి కదా మాస్టారూ?

గుణుపూర్ ప్యాసింజర్:
పెరుగుతాయి, కమిటీ అడుగుతుంది కూడా. దానికి బదులు డైక్లోఫెనాక్ గుంపుని ఒక్కదాన్ని ముందే వేరుచేసి, 3వ రోజున ఒక్క డోసు ఇచ్చి కాళ్ల మీద బరువు తూచు. 14 తర్వాత మళ్లీ అవే ఎలుకలకి మొదటి డోసు ఇచ్చి తూచు. మందు అదే, ఎలుకలు అవే, దశ ఒక్కటే వేరు. మేడమ్ ప్రశ్నకి జవాబు ఒక్క గ్రాఫులో వచ్చేస్తుంది, సార్‌కీ తృప్తిగా ఉంటుంది. వీలైతే సగం ఆడ ఎలుకలు పెట్టు. మన ఇళ్లలో మోకాళ్లు పట్టుకుని కూర్చునేది ఎక్కువగా ఆడవాళ్లే కదా. ఫారంలో ఇంకో మాట రాయి: ఇంజెక్షన్ అయిన వారం మేత గిన్నె నేలమీదే పెడతామని, మెత్తని పొట్టు వేస్తామని, ఒంటి బరువు బాగా తగ్గిన ఎలుకని ప్రయోగం నుంచి తీసేస్తామని. ఎంత తగ్గితే తీసేస్తారో అంకె వేసి మరీ రాయి.