‘ఏ తల్లులల్లాడిరో’: కాటిసీనులో ఒక్క క్రియాపదం

గ్రూపులో వచ్చిన ప్రశ్న: “హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో ‘ఏ తల్లులల్లాడిరో’ అని పాడతారు కదా. అల్లాడటమంటే ఏడవటమేనా?”

ఏడవటం కాదండీ. ఆ తేడా పట్టుకున్న నటుడు పాడే తీరే వేరు. నేను కాటిసీను చూసినప్పుడల్లా ముందు గమనించేది అదే.

మన మాటల్లోనే చూడండి. గాలి లేనప్పుడు “ఆకు అల్లాడటం లేదు” అంటాం. ఎండాకాలంలో జనం నీళ్లకు అల్లాడిపోతారు. పిల్లాడికి జ్వరం ముదిరితే తల్లి ప్రాణం అల్లాడిపోతుంది. వీటన్నిటిలో ఉన్నది నిలకడ లేని కదలిక. కన్నీళ్లు ఉండొచ్చు, లేకపోవచ్చు.

ఇప్పుడు పాదం మొత్తం చూద్దాం:

ఎన్నాళ్ళీ చలనంబు లేని శయనం బే తల్లు లల్లాడిరో!

ఇది గుర్రం జాషువా (1895–1971) ‘శ్మశానవాటి’లోది, శార్దూలం. పాదంలో ముందు సగం కదలిక లేకుండా పడుకున్నవాళ్ల గురించి. తర్వాతి సగం వాళ్ల కోసం కుదురుగా ఉండలేకపోయిన తల్లుల గురించి. యతిస్థానం 13వ అక్షరం. సరిగ్గా అక్కడే ‘ఏ తల్లులు’ మొదలవుతుంది. ‘శయనం’ దగ్గర గొంతు కాస్త ఆపి, కొత్త ఊపిరితో ‘ఏ’ ఎత్తుకుంటే చాలు, అర్థం ప్రేక్షకుడికి దానంతటదే అందుతుంది. మనవాళ్లు ఎక్కువమంది ఆ రెంటినీ కలిపేసి చివరి ‘రో’ మీద రాగం సాగదీస్తారు. హార్మోనియం అందుకుంటుంది, ‘వన్స్ మోర్’ అంటారు, తల్లులు మాత్రం ఎవరికీ గుర్తుండరు. గొప్ప గాత్రం ఉన్నవాళ్లు కూడా ఇలా చేస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం (1881–1953). జాషువా పద్యాలు అందులోవి కావు. నటులు తెచ్చి కాటిసీనులో కలుపుకున్నారు, జనం వాటిని నాటకంలో భాగంగానే దాచుకున్నారు. బలిజేపల్లివారి ‘మాయామేయ జగంబె నిత్యమని’ పద్యంలో కూడా ఇదే క్రియ ఉండటం చూడండి: “ప్రాణంబుండునందాక నెం / తో యల్లాడిన యీ శరీరము”. ఇక్కడ అల్లాడింది తల్లి కాదు, ‘నా ఇల్లాలు, నా కొడుకు’ అంటూ బతికిన మనిషి. ‘ఎంతో’ అనే మాట రెండు పాదాల మధ్య విరిగింది. రెండో పాదం ‘నెం’తో ముగుస్తుంది, మూడోది ‘తో’తో మొదలవుతుంది. పాదాంతంలో ఆలాపనకు ఆగారా, మాట రెండు ముక్కలే.

ఆ పద్యం చివరి మాట ఇంకా కీలకం: “నా యిల్లాలును రాదు, పుత్రుడును తోడై రాడు”. హరిశ్చంద్రుడు ఇలా అన్న కాసేపటికే ఇల్లాలూ వస్తుంది, పుత్రుడూ వస్తాడు. అదే కాటికి, ఆమె చేతుల మీద, పాము కరిచిన శవంగా. అందుకే ఈ పద్యాలను పరాయివాళ్ల చావులు చూసిన కాటికాపరిలా పాడాలి. తన కొడుకు సంగతి ఇంకా తెలియదు కదా. మొదటి పద్యానికే వెక్కివెక్కి ఏడిస్తే, చంద్రమతి మెడలో మంగళసూత్రం చూసి ఆమెను గుర్తుపట్టే ఘట్టానికి ఇంక మిగిలేదేముంది?

ఈమధ్య మా దగ్గర వేసిన నాటకంలో హరిశ్చంద్రుడు ఈ తప్పే చేశాడు. గాత్రానికి వంక పెట్టలేం, మూడు స్థాయిలూ పలికించాడు. కానీ వచ్చిన దగ్గర్నుంచీ ఏడుపే. సీనును నిలబెట్టింది చంద్రమతి. ఆమె పద్యాలు కొన్ని తగ్గించుకుంది. లోహితాస్యుడి తల ఒళ్లో పెట్టుకుని, వాడి నుదుటి మీద జుట్టు సర్దుతూనే ఉంది. కాటిసుంకం అడిగినప్పుడూ ఆ చెయ్యి ఆగలేదు. “ఏం ఇవ్వగలనయ్యా” అన్నప్పుడు మాత్రం ఆ చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. అల్లాడటమంటే ఏమిటని నన్నడిగితే ఆ చెయ్యే చూపిస్తాను.

గ్రూపులో ఆ ప్రశ్న కిందే ఒక అక్క అడిగారు: “జాషువా పద్యాల్లో అస్పృశ్యత ప్రస్తావన ఉంది. పురాణకాలపు హరిశ్చంద్రుడి నోట అది అతకదు, తీసేయాలని మా నాటక సమాజంలో ఒకాయన పట్టుబడుతున్నారు. మీరేమంటారు?”

తీయొద్దని చెప్పండక్కా. ఆ సీనులో హరిశ్చంద్రుడు వీరబాహుడికి అమ్ముడుపోయి కాపలా కాస్తున్నాడు. రాజుగా పుట్టి, ఊరు అంటరానివాడన్న యజమాని దగ్గర పని చేస్తున్నవాడు “ఇట నస్పృశ్యత సంచరించుటకు తావే లేదు” అంటే, అంతకంటే అతికే నోరు ఇంకెవరిది? పురాణంలో లేదు కాబట్టి వద్దంటే, బలిజేపల్లివారి పద్యాలు మాత్రం పురాణంలో ఉన్నాయా?

మీ సమాజంలో పట్టుబట్టాల్సింది వరస గురించి. జాషువా పద్యాలన్నీ చంద్రమతి రాకముందే అయిపోవాలి. చప్పట్ల కోసం కొందరు ఒకటి అట్టేపెట్టుకుని, ఆమె శవాన్ని దించాక పాడుతున్నారు. ఎదురుగా ఒక తల్లి అల్లాడుతుంటే “ఏ తల్లులల్లాడిరో” అని దిక్కులు చూస్తూ పాడటం ఎంత అన్యాయమో రిహార్సల్‌లోనే వాళ్లకు చూపించండి.