పాతిక వేలున్నాయి: మైక్ మార్చాలా, హాలు బాగు చేయించాలా?

గడియారం_సెంటర్, నల్గొండ

అందరికీ నమస్తే. రెండేళ్లుగా మా ఇంట్లో నడుస్తున్న పంచాయితీ ఇది, ఇక్కడన్నా తెగుతుందేమోనని పెడుతున్నా. హాల్లోనే నా స్టూడియో, వేరే గది లేదు. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, స్లాబు 10 అడుగుల ఎత్తు. కింద షాబాద్ బండలు, గోడలకు నున్నటి లప్పం, ఒక దీవాన్, టీవీ స్టాండు, అంతే. బతుకమ్మ పాటలు మా చెల్లె పాడుతుంది, ట్రాక్ నేను చేస్తా. రికార్డు చేసిన గొంతు వింటే బిందెలో తల పెట్టి పాడినట్టు ఉంటుంది. ఇంకో రోగం కూడా ఉంది. దీవాన్ మీద గోడకు ఆనుకుని కూర్చుని మిక్స్ చేస్తే (గొంతు, వాయిద్యాల పాళ్లు కుదిరిస్తే) డోలు దిట్టంగా వినిపిస్తుంది, అదే పాట మా బావ కార్లో పెడితే డోలు ఎక్కడుందో వెతుక్కోవాలి. చేతిలో 25 వేలున్నాయి. ఈ చవక కండెన్సర్ మైక్ తీసేసి మంచి మైక్ కొనాలా, గోడలకు ఏమన్నా చేయించాలా? గోడలకు అంటే మా అమ్మ "మొన్ననే రంగులేసినం, మళ్ల ఏందిరా" అంటోంది.

మిల్లు_పక్కన, మిర్యాలగూడ

మైక్ కొను తమ్మీ, రెండో మాట లేదు. మా ఇంటి వెనకే రైస్ మిల్లు, పగలంతా రొద. నేను ఎస్‌ఎం58 అనే డైనమిక్ రకం మైక్ తెచ్చి నోటికి దగ్గర పెట్టి పాడించా, మిల్లు తగ్గింది, గది గోల కూడా తగ్గింది. మైక్ రేపు అమ్ముకున్నా సగం డబ్బులొస్తాయి, గోడకు కొట్టినవి ఎవడు కొంటాడు? మరీ మనసు ఊరుకోకపోతే గుడ్ల ట్రేలు అంటించు, మా తమ్ముడిది చికెన్ సెంటర్, ఎన్ని కావాలంటే అన్ని ఊరికే ఇప్పిస్తా.

పాలమూరు_డప్పు, మహబూబ్‌నగర్

ట్రేలు నీ దగ్గరే ఉంచు భయ్యా. నేనూ మొదట్లో ఒక గది నిండా అంటించా, పీకేటప్పుడు లప్పం ఊడొచ్చింది తప్ప ఒరిగిందేమీ లేదు. అది పల్చటి అట్ట. పైపై కీచును కాస్త చెదరగొడుతుందేమో గానీ గొంతులోని బరువును ముట్టను కూడా ముట్టదు, పక్కింటికి పోయే శబ్దాన్ని అసలే ఆపదు.

ఇక నీ మైక్ సంగతి. మిల్లు తగ్గింది డైనమిక్ వల్ల కాదు, నువ్వు దాన్ని నోటికి నాలుగు వేళ్ల దూరంలో పెట్టావు కాబట్టి. రెండడుగుల దూరం నుంచి ఆరంగుళాలకు వస్తే నోట్లోంచి నేరుగా వచ్చే శబ్దం 12 డెసిబెల్స్ పెరుగుతుంది, గది తిప్పి పంపేది అలాగే ఉంటుంది. ఈ తమ్ముడి చవక కండెన్సర్‌ను కూడా అంతే దగ్గర పెట్టి చూడమను, అదీ బుద్ధిగానే ఉంటుంది. వెయ్యి రూపాయల మైక్‌కైనా లక్ష రూపాయల మైక్‌కైనా ఆ హాలు ఆ హాలే. కాకపోతే లక్షది ఆ హాలును ఇంకా శుభ్రంగా వినిపిస్తుంది.

మిల్లు_పక్కన

చెప్పడం తేలిక అన్నా. అంత దగ్గర కండెన్సర్ పెడితే "ప" అన్నా "భ" అన్నా ఊపిరి టపటపా కొడుతుంది. దగ్గరికి పోయిన కొద్దీ గొంతు బొంగురుగా లావెక్కుతుంది. బతుకమ్మ పాట పాడే ఆడపిల్ల గొంతు అట్ల ఉంటే ఎవరు వింటారు?

పాలమూరు_డప్పు

పాప్ ఫిల్టర్, అదే ఊపిరిని ఆపే జాలీ, మైక్ ముందు పెట్టు, మైక్‌ను నోటికి సూటిగా కాకుండా పక్కకు జరుపు, ఊపిరి దాటిపోతుంది. లావు ఎక్కువైతే మిక్స్‌లో బేస్ కాస్త కోసెయ్. నిజానికి బతుకమ్మ పాటకు అంత దగ్గర అక్కర్లేదు, ఆ పాట పుట్టిందే వాకిట్లో పది మంది కలిసి తిరుగుతూ పాడడానికి. అందుకే కదా గది ముందు బాగుండాలనేది.

హెడ్‌ఫోన్_అన్న

స్పీకర్లు కట్టేయ్, మంచి హెడ్‌ఫోన్స్‌లో మిక్స్ చేయ్. హాలు గొడవే ఉండదు. నాలుగేళ్లుగా నేను చేసేది అదే.

లెక్కల_సార్, నల్గొండ

మిక్స్ వరకు హెడ్‌ఫోన్ అన్న మాట కొట్టిపారేయలేం. కానీ రికార్డింగ్‌లోకి ఎక్కిన గదిని హెడ్‌ఫోన్ తీసేయదు. నాకు పాట రాదు, లెక్క వస్తుంది, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. రెండు ఎదురెదురు గోడల మధ్య ఏ అల సరిగ్గా ఇముడుతుందో అది గదిలో నిలబడి ఊగుతుంది. 10 అడుగులంటే దాదాపు 3.05 మీటర్లు, దానికి రెట్టింపుతో 343ను భాగిస్తే 56 హెర్ట్జ్, అంటే సెకనుకు 56 ఊపులు. తమ్ముడి హాలు వెడల్పు 10, ఎత్తూ 10, అంటే రెండు వైపులా అదే 56. పొడవు 20 కాబట్టి దాని మొదటిది 28, రెండోది దానికి రెట్టింపు, మళ్లీ 56. మూడు దిక్కులూ ఒకే స్వరం మీద కుమ్మక్కయ్యాయి! కొలతలు పట్టీ మీద చూసుకుని చక్కగా కట్టారు గానీ సంగీతానికి ఇంతకన్నా చెడ్డ కొలతలు దొరకడం కష్టం, ఇదే పన్నెండున్నర వెడల్పు ఉన్నా కొంత నయం.

దీవాన్ గుట్టు కూడా ఇక్కడే ఉంది. గోడ దగ్గర ఈ అలల ఒత్తిడి ఎక్కువ. అక్కడ కూర్చుంటే బేస్ దండిగా వినిపిస్తుంది, ఎక్కువైందని నువ్వు తగ్గిస్తావు. కార్లో ఆ గోడ లేదు, నువ్వు తగ్గించింది తగ్గించినట్టే వినిపిస్తుంది. డోలును మింగింది దీవాన్. టేబుల్‌ను పొట్టి గోడ వైపు తిప్పి, ఆ గోడ నుంచి పొడవులో 38 శాతం దగ్గర, అంటే సుమారు ఏడున్నర అడుగుల దగ్గర కూర్చుని విను. అదేం శాసనం కాదు, మొదలుపెట్టే చోటు. అక్కడి నుంచి అరడుగు ముందుకు, అరడుగు వెనక్కు జరుగుతూ చూసుకో. రూపాయి ఖర్చు లేదు.

బిందె మోతది వేరే లెక్క. 1895 ప్రాంతంలో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాల్లో సార్లు చెప్పేది పిల్లలకు అర్థమయ్యేది కాదట, అంత మోత. సబైన్ అనే భౌతికశాస్త్రం సార్‌కు ఆ పని అప్పగిస్తే, ఆయన పక్కనే ఉన్న థియేటర్ కుర్చీల మెత్తలు మోసుకొచ్చి, రాత్రిపూట ఆర్గాన్ గొట్టం ఊది, స్టాప్‌వాచ్ పట్టుకుని మోత ఎంతసేపట్లో చస్తుందో చూసుకుంటూ కూర్చున్నాడు. అందులోంచి వచ్చిన సూత్రం అడుగుల్లో ఇది: గది ఘనపరిమాణాన్ని 0.049తో గుణించి, పీల్చే వైశాల్యంతో భాగించాలి. మన హాలు 2,000 ఘనపుటడుగులు. గోడలు, నేల, స్లాబు కలిపి 1,000 చదరపుటడుగులు. లప్పం, బండలు నూటికి మూడు వంతులు పీలుస్తాయనుకుంటే 30. మోత మూడు సెకన్లు దాటుతుంది! ఇది పూర్తిగా ఖాళీ హాలుకు, మనుషులు, పరదాలు, సామాను ఉంటే తగ్గుతుంది. అదే హాల్లో రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉండి శబ్దాన్ని పీల్చే మందపాటి ప్యానెళ్లు పది పెడితే ఒక సెకను లోపలికి వస్తుంది. నా ఓటు గదికే.

మిల్లు_పక్కన

సార్, 56 హెర్ట్జ్ అంటున్నారు, ఆడపిల్ల గొంతు 56 దాకా దిగుతుందా? మగవాళ్లదే దిగదు. లేని రోగానికి మందు రాస్తున్నారు.

లెక్కల_సార్

దిగదు, అది నిజం. 56 గొడవ డోలుకూ మిక్సింగ్‌కూ. గొంతుకు మూడు సెకన్ల గొడవ. రెండు రోగాలు, రెండు మందులు. అంగుళం ఫోమ్ తెచ్చి గోడల నిండా అంటిస్తే పైశబ్దాలు చచ్చి కింది గుయ్‌మనేది మిగిలిపోతుంది, గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు తయారవుతుంది. చాలామంది చేసేది అదే.

దేవరకొండ_అక్క

ఇంతసేపూ పాడే మనిషి గురించి ఒక్కరూ మాట్లాడలేదు. నేను పాడతాను, పెళ్లయ్యాక హాల్లోనే పాడుతున్నాను, అత్తమ్మ సీరియల్ అయిపోయాక. తమ్మీ, ఇంట్లో పాత దూది పరుపులు రెండు ఉంటే తీయి. మైక్ వెనక కాదు, మీ చెల్లె వెనక నిలబెట్టు. ఆమె వైపు చూస్తున్న మైక్ ఆమెనూ వింటుంది, ఆమె వెనక గోడ మీంచి తిరిగొచ్చేదాన్నీ వింటుంది. అందరూ మైక్ వెనక ఫోమ్ పెట్టి గాయకురాలి వెనక బోడి గోడ వదిలేస్తారు. కింద బండల మీద జంపఖానా, దాని మీద బొంత. పైన ఫ్యాన్ ఆపండి, గాలి శబ్దమే కాదు, రెక్కలకు తగిలి గొంతు వణికినట్టు కూడా వస్తుంది. ఎండాకాలం నల్గొండలో ఫ్యాన్ ఆపి పాడడమంటే ఏంటో నాకు తెలుసు, పాట పాటకూ మధ్య ఆమెకు మజ్జిగ ఇవ్వు.

ఒక హెచ్చరిక. దూదికైనా ఫోమ్‌కైనా నిప్పు తగిలితే అంతే సంగతులు. హాల్లో దీపం, అగరబత్తి ఉంటే దూరంగా పెట్టండి. శాశ్వతంగా చేయించుకునేవాళ్లకు రాక్‌వూల్ (రాయిని కరిగించి తీసిన ఉన్ని లాంటిది) మేలు, అంటుకోదు.

పాలమూరు_డప్పు

అక్క చెప్పింది నూటికి నూరు. రాక్‌వూల్ తెస్తే ఘనపు మీటరుకు 48 కిలోల రకం, నాలుగంగుళాల మందం, చెక్క ఫ్రేములో పెట్టి గోడకు రెండు మూడంగుళాలు ఎడంగా వేలాడదీయి, ఆ ఖాళీ కూడా పని చేస్తుంది. చేతులు దురద పెడతాయి, మాస్కు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. పైన కప్పే గుడ్డకు నోరు ఆనించి ఊదు, ఊపిరి అవతలికి పోతే మంచిది. రెక్సిన్ వద్దు. పక్కింటి టీవీ, రోడ్డు మీద ఆటోలు వీటితో ఆగవు, దానికి బరువైన గోడలు, సందు లేని తలుపులు కావాలి, ఆ ఆశ పెట్టుకోవద్దు.

గడియారం_సెంటర్

ఆదివారం మొత్తం ఇదే పని. ముందు హాల్లో చప్పట్లు కొట్టా, రేకు డబ్బాలో గోళీలు పోసినట్టు టరటరమంది. రెండు పరుపులు చెల్లె వెనక, బొంత కింద, మైక్ జానెడు దూరంలో. పాత మైకే. చెల్లె హెడ్‌ఫోన్ తీసి "ఇది నా గొంతేనా" అంది. బిందె పోయింది. పూర్తిగా కాదు, ముప్పావు వంతు.

టేబుల్ పొట్టి గోడకు తిప్పా, ఏడున్నర దగ్గర డోలు తక్కువనిపించింది, ఎనిమిది దగ్గర కుదిరింది. బావ కార్లో డోలు దొరికింది, కానీ హాల్లో వింటే ఒక్కో దెబ్బ గుమ్‌మని సాగుతోంది. లెక్కల సార్ 56 అదేనా? మూలల్లో ప్యానెళ్లు మందంగా పెట్టమని ఎక్కడో చదివా. ఇక్కడే అసలు గొడవ మొదలైంది. ఒక మూల తలుపు. ఇంకో మూల ఈశాన్యం, అక్కడ బరువు పెడితే ఇంట్లో అన్నం ముట్టనంది అమ్మ.

లెక్కల_సార్

అవును, సాగేది అదే. 56కు అల పొడవు ఆరు మీటర్లు, నాలుగంగుళాల ప్యానెల్ దాని ముందు దోమ. మూలల్లో మందంగా పెట్టినా తగ్గుతుందే తప్ప పోదు. అయితే మూల అంటే నేల మీద నిలువుగా ఉండేదే కాదు. పెట్టెలాంటి గదికి 12 అంచులుంటాయి, నిలువువి నాలుగే. గోడా స్లాబూ కలిసే అంచుల్లో అడ్డంగా వేలాడదీసినా పని చేస్తుంది. నేల మీద గ్రాము బరువుండదు, అమ్మకు ఆ మాట చెప్పు.

మిల్లు_పక్కన

అంటే పాత మైక్‌తోనే గొంతు కుదిరిందన్న మాట. సరే ఒప్పుకున్నా. కానీ ఆ మిగిలిన పావు వంతు మాత్రం మైకే, రాసిపెట్టుకోండి.

దేవరకొండ_అక్క

మిగిలిన పావు వంతు స్లాబు తమ్మీ. చెల్లె నెత్తి మీద ఒక ప్యానెల్ పెట్టి చూసి అప్పుడు మాట్లాడుకుందాం.

గడియారం_సెంటర్

అమ్మకు చెప్పా. "పైన వేలాడేది బరువు కాదా" అంటోంది. మామయ్యకు తెలిసిన వాస్తు పంతులును అడిగి చెప్తానంది. వడ్రంగికి నాలుగు ఫ్రేములు చెప్పా ప్రస్తుతానికి, ఈశాన్యం వదిలేసి.